తల్లికోడి రెక్కకు బదులు

చలికాలం తెల్లవారుజామున తల్లికోడి రెక్కల కిందికి పిల్లలు దూరడం మీరు చూసే ఉంటారు. అప్పుడే పుట్టిన పిల్లకు నూగే తప్ప ఈకలుండవు. ఒంటి వేడిని నిలుపుకోవడం దానికి అలవడాలంటే కొన్ని వారాలు పడుతుంది. మరి తల్లే లేకపోతే?

గుడ్లను పొదిగించే పొయ్యిలు ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు పైబడి ఉన్నవే. పుట్టిన పిల్లల్ని బతికించడం మరో సమస్య. ఉష్ణమాపకానికి తన పేరిచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్, 1749లో వెలువడిన గ్రంథంలో పేడ వేడితో గుడ్లు పొదిగించడాన్ని వివరించి అక్కడితో ఆగలేదు. పిల్లల కోసం లోపల బొచ్చుతో ఉన్న గొర్రెతోలు పరచిన పెట్టె చేశాడు. పిల్లలు వీపు ఆనించుకునేలా దాని పైకప్పు ఏటవాలుగా ఉండేది. ఆయన దాన్ని 'కృత్రిమ తల్లి' అన్నాడు. ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో!

ఇదే సమస్య మన హైదరాబాదులోనూ ఎదురైంది. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పల్లెల పెరళ్ల కోసం 'వనరాజా' కోడిని రూపొందించింది. పొదుగుకు కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కదా! అందుకే గుడ్ల కోసం ఎంపిక చేసిన జాతుల్లో పొదుగుడు గుణం సన్నగిల్లుతుంది. వనరాజా కూడా పొదగదు. రోజు వయసు పిల్లల్ని నేరుగా ఇస్తే చలికి పోతాయి. కనుక ఆరు వారాల దాకా బ్రూడరులో పెంచాకే పెరట్లోకి వదలమన్నారు.

బ్రూడరంటే వరిపొట్టు పరుపు, చుట్టూ రేకు, పైన బల్బులు, అంతే. మొదటివారం సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు; ఆపై వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి. అర్ధరాత్రి కరెంటు పోయిందా, ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి.