మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు: వినికిడి లోపం, డిస్లెక్సియా ఉన్న పిల్లలకు పరీక్షల్లో ఏమేం అడగొచ్చు?

మీ ఇంట్లో వినికిడి లోపం ఉన్న విద్యార్థి ఉన్నారా? లేక చదవడం, రాయడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా పిల్లలున్నారా? పరీక్షల్లో వీరికి అదనపు సమయం, స్క్రైబ్, రెండు, మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది.

సమయం లెక్క తేలికే. 2018 కేంద్ర మార్గదర్శకాలు 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారికి మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇమ్మన్నాయి. స్క్రైబ్‌ను పెట్టుకోకపోయినా ఇది వర్తిస్తుంది. 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు చిక్కు సమయం కాదు, భాష. పుట్టుకతో వినపడని పిల్లల్లో చాలామందికి సైగల భాషే మొదటిది. తెలుగు పుస్తకంలో నేర్చుకున్న రెండో భాష. నీరు ఆవిరి కావడం గురించి బాగా తెలిసిన విద్యార్థి కూడా ప్రశ్నలో 'సమర్థించండి' అన్న మాట దగ్గర ఆగిపోవచ్చు. అక్కడ గంట అదనంగా ఇచ్చినా పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే భాషల మినహాయింపు గురించి ముందుగా అడగండి. సీబీఎస్ఈలో వినికిడి లోపం ఉన్నవారు మూడో భాష చదవక్కర్లేదు; పదో తరగతిలో రెండు తప్పనిసరి భాషలకు బదులు ఒక్కటే తీసుకోవచ్చు. సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్)లో అయితే భారతీయ సైగల భాషనే ఒక సబ్జెక్టుగా ఎంచుకోవచ్చు. మిగతా బోర్డులు కూడా ఈ దారి పడితే బాగుండు.

వీటన్నిటికీ మూలం వైకల్య ధ్రువపత్రం. తెలంగాణలో దీనికి యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి; ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరానికి స్లాట్ గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు. పాత ఆడియోగ్రామ్ రిపోర్టులుంటే వెంట తీసుకెళ్లండి. డిస్లెక్సియాకు కూడా ధ్రువపత్రం ఇస్తారు, దానికి పరీక్షలు వేరు.

పత్రం చేతికొచ్చాక పరీక్ష ఫీజు కట్టే రోజుల దాకా ఆగొద్దు. ఏ సౌకర్యాలు కావాలో రాసి, విద్యా సంవత్సరం మొదట్లోనే స్కూలుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ నోటితో చెప్పే సూచనలను బోర్డు మీద రాయించమని కూడా ఆ లేఖలోనే చేర్చండి. దీన్ని చాలామంది మర్చిపోతారు.