సౌత్ పార్క్

సౌత్ పార్క్ అమెరికాకు చెందిన వ్యంగ్య యానిమేషన్ ధారావాహిక. ట్రే పార్కర్, మాట్ స్టోన్ దీని సృష్టికర్తలు. 1997 ఆగస్టు 13న కామెడీ సెంట్రల్ ఛానల్‌లో మొదలైంది. కథంతా కొలరాడో రాష్ట్రంలో, మంచు కొండల నడుమ ఉన్న ఒక కల్పిత ఊళ్లో నడుస్తుంది. ముఖ్యపాత్రలు బడిపిల్లలే గానీ ఇది పిల్లలు చూడదగ్గది కాదు. బూతులూ హింసా దండిగా ఉంటాయి.

స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీ ఒకే తరగతి పిల్లలు. మొదటి ఇద్దరిలో సృష్టికర్తల పోలికలే ఉన్నాయి. కార్ట్‌మన్ స్వార్థానికీ జాతిద్వేషానికీ నిలువెత్తు రూపం. చిత్రంగా జనాన్ని ఎక్కువగా ఆకట్టుకున్నదీ అతడే. నిరుపేద కెన్నీ తొలి సీజన్లలో దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ చనిపోయి, మరుసటి వారం ఏమీ ఎరగనట్టు తిరిగొస్తాడు. ఊరి పెద్దలు మాత్రం ఏ వెర్రి మొదలైనా గుంపుగా దాని వెంట పడతారు. పిల్లలే కాస్త నిలబడి ఆలోచిస్తారు. పెద్దల్లో అందరికంటే ముందుండేది స్టాన్ తండ్రి, భూగర్భ శాస్త్రవేత్త ర్యాండీ. పార్కర్ తండ్రి పేరూ, వృత్తీ అవే!

తొలి ఎపిసోడ్‌ను కాగితపు ముక్కలు కత్తిరించి, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ తీశారు. తరువాత పని కంప్యూటర్‌కు మారినా ఆ మొరటు రూపాన్ని పట్టుబట్టి నిలుపుకున్నారు. నునుపు లేని ఈ బొమ్మలే ధారావాహిక అసలు బలం. వాటివల్లే ఒక్కో ఎపిసోడ్‌ను సుమారు ఆరు రోజుల్లో ముగించగలుగుతున్నారు, వార్త చల్లారకముందే దాన్ని ఎగతాళి చేయగలుగుతున్నారు. 2008 అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా గెలిచిన మర్నాటి రాత్రే ఆ గెలుపు మీద ఎపిసోడ్ ప్రసారమైంది. ఈ హడావుడి పనితీరుపై 2011లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 2013 అక్టోబరులో స్టూడియోలో కరెంటు పోయి, మొదటిసారి గడువు తప్పారు.

ఎగతాళికి మినహాయింపులు లేవు, కాబట్టి గొడవలూ తప్పలేదు. సైంటాలజీ మతంపై 2005లో వచ్చిన ఎపిసోడ్ తరువాత, షెఫ్ పాత్రకు గొంతు అరువిచ్చిన, ఆ మతానికే చెందిన గాయకుడు ఐజాక్ హేస్ 2006లో వైదొలిగాడు. చైనా సెన్సార్‌షిప్‌ను వెక్కిరించిన 2019 నాటి ఎపిసోడ్‌తో ఆ దేశపు ఇంటర్నెట్‌లో సౌత్ పార్క్ ఆనవాళ్లను తుడిచేశారు. సృష్టికర్తలు వెంటనే ఒక క్షమాపణ ప్రకటించారు. అది కూడా వెటకారమే.