పదమూడో నంబరు చొక్కా

2023 నవంబరు 18, శనివారం సాయంత్రం. ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టాలహాసీ. దారి పొడవునా చింతచెట్లంత ఓక్ చెట్లు, వాటి కొమ్మలకు జడల్లా వేలాడే బూడిదరంగు నాచు. రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. ఆ వాసన తగలగానే ఇది అమెరికా అన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోతాం. ముదురెరుపు, బంగారు రంగు చొక్కాల జనంలో పడి, వాళ్లు తోసినట్టల్లా నడిచి, ఎర్ర ఇటుకల డోక్ క్యాంప్‌బెల్ స్టేడియం మెట్లెక్కుతున్నాం.

దీపాల వెలుగులో ఒక గుర్రం దూసుకొస్తుంది. దాని పేరు రెనెగేడ్. దాని మీద సెమినోల్ వీరుడు ఒసియోలా వేషంలో ఓ విద్యార్థి, చేతిలో మండే ఈటె. మైదానం నడిమధ్యకొచ్చి ఆ ఈటెను గడ్డిలో కసుక్కున దించుతాడు. దాదాపు ఎనభై వేలమంది పట్టే ఆ గిన్నెలోంచి లేచే అరుపు చెవులకు కాదు, పక్కటెముకలకు తగులుతుంది. (ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ సమ్మతితోనే ఈ వేషం నడుస్తోంది. అది వేరే కథ.)

ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఇప్పటికి పది ఆడి పది గెలిచింది. ఇవాళ్టి ప్రత్యర్థి నార్త్ అలబామా చిన్న జట్టు. ఇలాంటి ఆటకు జనం గెలుపు కోసం రారు, పండక్కి వచ్చినట్టు వస్తారు. అయినా మొదట్లో ఆ చిన్న జట్టే 13–0తో ముందుకెళ్లింది. మన పక్క సీటు పెద్దాయన నవ్వుతూనే ఉన్నాడు. "జోర్డన్ ఉన్నాడుగా" అంటాడు.

జోర్డన్ ట్రావిస్, క్వార్టర్‌బ్యాక్. చొక్కా నంబరు 13. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే క్రికెట్ కెప్టెన్, ఓపెనర్, వికెట్‌కీపర్ ముగ్గురూ ఒక్కడే అయినట్టు. దాదాపు ప్రతి ఎత్తూ అతని చేతి మీదుగానే సాగాలి. మొదటి క్వార్టర్‌లోనే అతను బంతి పట్టుకుని స్వయంగా పరుగు తీశాడు. ఒకడు వెనక నుంచి పట్టేశాడు. ఎడమకాలు ఒంటి కింద ఇరుక్కుంది.

లేవలేదు.

ఇంతమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. బ్యాండు ఆగింది. కాలికి కట్టు కట్టి, చిన్న బండి మీదికి ఎక్కించారు. సహచరులంతా బండి చుట్టూ మూగారు. పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆట అయిపోయేసరికి బోర్డు మీద 58–13. గెలిచింది ఫ్లోరిడా స్టేటే. కానీ మెట్లు దిగుతున్న వాళ్ల నడక చూస్తే ఎవరూ ఆ మాట నమ్మరు.

వారం తిరిగేసరికి గెయిన్స్‌విల్. పాత పగవాళ్ల గడ్డ, పొరుగు విశ్వవిద్యాలయం. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో టేట్ రోడ్‌మేకర్ దిగాడు. 24–15తో ఆటయితే చేతికొచ్చింది గాని, అతని తలకు దెబ్బ తగిలింది. రెండో కుర్రాడూ ఆటకు దూరమయ్యాడు.

మంగళవారం ర్యాంకులు వచ్చాయి. జార్జియా, మిషిగన్, వాషింగ్టన్, నాలుగో స్థానంలో ఫ్లోరిడా స్టేట్. ప్లేఆఫ్‌కు నాలుగు జట్లే. అంటే ఈ రోజుకు లోపలే ఉన్నారు. ఎనిమిదో స్థానంలో ఉన్న అలబామాను ఓసారి చూసి పెట్టుకుందాం. దానికి సెప్టెంబరులో సొంతగడ్డ మీదే టెక్సాస్ చేతిలో 34–24 ఓటమి ఉంది. మొన్న ఆబర్న్ మీద కూడా చేతులెత్తేసే స్థితిలో, చివరి నిమిషంలో, ఆఖరి ప్రయత్నంలో 31 గజాలు కావాల్సి వస్తే బంతిని మూలకు విసిరి బతికి బయటపడింది. అలాంటి విసురు పదిసార్లు విసిరితే ఎన్నిసార్లు అందుతుందో మీరే లెక్కేసుకోండి.

డిసెంబరు 2, శనివారం. షార్లెట్ నగరంలో రాత్రి ఆట, ఫ్లోరిడా స్టేట్ ఉన్న ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) అనే జట్ల కూటమికి ఫైనల్. అంతకుముందే సాయంత్రం అట్లాంటాలో అలబామా 27–24తో జార్జియాను పడగొట్టింది. వరసగా 29 గెలిచిన జార్జియా! ఆ వార్త స్టేడియం బయట ఫోన్ల మీద పాకుతుంటే, ఫ్లోరిడా స్టేట్ అభిమానుల ముఖాల్లో ఒక లెక్క మొదలైంది. మధ్యాహ్నమే టెక్సాస్ తన కాన్ఫరెన్స్ గెలిచేసింది. టెక్సాస్‌ను కాదని అలబామాను తీసుకోలేరు, మైదానంలో ఓడించింది కదా. అలబామా వస్తే టెక్సాస్ రావాలి. ఇద్దరూ వస్తే?

"మనం గెలిస్తే ఎవడేం చేస్తాడు?" అంటోంది మన ముందు వరసలోని ఓ అమ్మాయి. గొంతులో ధీమా ఉంది గాని, అది ప్రశ్నలాగే వినిపించింది.

క్వార్టర్‌బ్యాక్‌గా మూడోవాడు వచ్చాడు. బ్రాక్ గ్లెన్, మొదటి ఏడాది కుర్రాడు. కాలేజీ ఆటలో మొదటి బంతి నుంచీ బరిలోకి దిగడం అతనికిదే తొలిసారి. చూడముచ్చటైన ఆట కాదిది, ఒప్పుకుందాం. విసిరిన బంతులు నేలపాలవుతున్నాయి. కానీ అవతలి వైపు చూడండి. లూయివిల్ జట్టు ముందుకు కదలడం లేదు. బ్రేడెన్ ఫిస్క్, జారెడ్ వెర్స్ గోడ కట్టేశారు. లూయివిల్ క్వార్టర్‌బ్యాక్ ఊపిరి పీల్చేలోపు ఎవరో ఒకరు మీద పడుతున్నారు. తర్వాత లారెన్స్ టోఫిలి ఒక్క పరుగుతో మైదానం చాలావరకు చీల్చేశాడు. 16–6. పదమూడుకు పదమూడు. ఏసీసీ విజేత. కాగితాల ముక్కలు వానలా రాలుతున్నాయి.

ఓడని జట్టు ఇలాగే గెలవాలి అనిపించింది నాకు. చెయ్యి విరిగితే రెండో చేత్తో, అదీ పోతే పళ్లతో.

ఆదివారం. టెక్సాస్‌లోని గ్రేప్‌వైన్‌లో గేలార్డ్ టెక్సన్ అనే పెద్ద హోటలు. అక్కడ ఒక గదిలో ప్లేఆఫ్ జట్లను ఎంచే కమిటీ, పదమూడుమంది. ఆ అంకె మళ్లీ వచ్చింది, నేను తెచ్చింది కాదు. అధ్యక్షుడు బూ కారిగన్, నార్త్ కరోలినా స్టేట్ క్రీడా విభాగాధిపతి. లోపలికి మనకు ప్రవేశం లేదు. ఎవరికీ లేదు. వాళ్ల చేతిలో ఉన్న నియమావళి మాత్రం అచ్చయినదే. కాన్ఫరెన్స్ గెలిచారా, ఎంత బలమైన జట్లతో ఆడారు, ముఖాముఖిలో ఎవరు గెలిచారు, ఇవన్నీ చూడమంటుంది. ఇంకో వాక్యమూ ఉంది: ముఖ్యమైన ఆటగాడు లేకపోతే రాబోయే ఆట మీద దాని ప్రభావం ఎలా ఉండొచ్చో కూడా చూడవచ్చు. ఆ చిన్న కిటికీలోంచే ఏనుగు దూరింది.

ఇక టాలహాసీలో ఓ విద్యార్థుల అపార్ట్‌మెంటు. ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్లు నలుగురు. ఒకడు స్టవ్ మీద ఉప్మా కలుపుతూ, ఒక కన్ను టీవీ మీద వేశాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. మొదటిది మిషిగన్. రెండు వాషింగ్టన్. మూడో పేరు టెక్సాస్ అనగానే సోఫాలో ఉన్న వరంగల్ సీనియర్ వెనక్కి వాలిపోయాడు. ఆయనకు అర్థమైపోయింది. నాలుగు అలబామా.

ఫ్లోరిడా స్టేట్ ఐదు.

ఆగస్టులోనే దిగిన గుంటూరు కుర్రాడు టీవీనీ సీనియర్‌నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అన్నా, అన్నీ గెలిచారుగా?"

"గెలిచిన్రు రా."

"అలబామా ఒకటి ఓడిందిగా?"

"ఓడింది."

"మరి?"

"క్వార్టర్‌బ్యాక్ లేడంట. ఇది వేరే టీమంట."

వాడు కాసేపు ఆలోచించాడు. "అంటే ఎంసెట్‌లో ర్యాంకొచ్చినోడికి కౌన్సెలింగ్ రోజు జ్వరం వస్తే సీటు పక్కోడికి ఇచ్చేస్తారా?"

నవ్వబోయి ఎవరూ నవ్వలేదు. ఉప్మా అడుగంటిన వాసన వస్తోంది.

కమిటీ చెప్పిందీ అదే. ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ వేరే జట్టు అని కారిగన్ కెమెరా ముందే వివరించారు. నాలుగో స్థానంలో ఉన్న జట్టు గెలిచి ఐదుకు దిగింది, ఎనిమిదిలో ఉన్నది గెలిచి నాలుగుకు ఎక్కింది. ప్లేఆఫ్ మొదలైన పదేళ్లలో, అయిదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకదాన్ని ఒక్క ఓటమీ లేకుండా గెలిచిన జట్టును బయట నిలబెట్టడం ఇదే మొదటిసారి. కోచ్ మైక్ నార్వెల్ అసహ్యమేస్తోందన్నాడు. ట్రావిస్ పెట్టిన పోస్టు సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో ఉంది: నా కాలు సీజను మొదట్లోనే విరిగుంటే బాగుండేది, ఈ జట్టు ఒక్క క్వార్టర్‌బ్యాక్ కాదని అప్పుడైనా చూసేవాళ్లు అన్నది దాని సారం. గాయపడిన కుర్రాడు తన గాయానికే క్షమాపణ చెబుతున్నట్టుంది ఆ మాట. దాన్ని చదివాక మనసు అంత తేలిగ్గా కుదుటపడదు.

కమిటీ అంచనా తప్పని నేననను. అలబామాతో ఆడితే మూడో క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టు ఓడిపోయేదేమో. కానీ ఆ మాట తేల్చడానికే కదా ఆట పెట్టుకున్నది! ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్‌ని తిట్టుకుంటాం, అయినా అది అంకె. ఎవరి మొహమూ చూడదు. ఇక్కడ జరిగిన పదమూడు ఆటల్ని పక్కనపెట్టి, జరగని ఒక ఆటను ఊహించి తీర్పు చెప్పారు.

అలబామా ఆడే ఎస్ఈసీ అనే దక్షిణాది కాన్ఫరెన్స్ జట్టు లేకుండా ప్లేఆఫ్ అంతవరకు ఒక్కసారీ జరగలేదు. ప్లేఆఫ్ ప్రసారం ఈఎస్‌పీఎన్‌ది. 2024 నుంచి ఎస్ఈసీ ఆటలూ ఈఎస్‌పీఎన్‌వే. టాలహాసీ బార్లలో ఆ రాత్రి ఈ రెండు వాక్యాల్నీ కలిపి కుట్టని మనిషి లేడు. కుట్టడానికి రుజువు దారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. పైగా ఏసీసీ ఆటలు చూపించేదీ ఆ సంస్థే.

డిసెంబరు 22, క్రిస్మస్ ముందటి శుక్రవారం. విశ్వవిద్యాలయ ధర్మకర్తల సమావేశం తెరల మీద. ఒక్కో చతురస్రంలో ఒక్కో ముఖం. ఆట మాట వస్తూనే ఉంది గాని, అసలు మాట లెక్కలది. ఏసీసీలో ఉన్నందుకు ఎస్ఈసీ, బిగ్ టెన్ కాన్ఫరెన్సుల జట్లకంటే ఏడాదికి దాదాపు 3 కోట్ల డాలర్లు తక్కువ వస్తాయని వాళ్ల క్రీడా విభాగాధిపతి ఫిబ్రవరిలోనే అన్నారు. బయటికి పోదామంటే టీవీ హక్కులు 2036 దాకా ఏసీసీకి రాసిచ్చేశారు. హక్కులూ జరిమానా కలిపితే 57 కోట్ల 20 లక్షల డాలర్లని వాళ్ల లాయర్ల లెక్క. కాన్ఫరెన్స్ మీద దావా వేయాలని ఏకగ్రీవంగా చేతులెత్తారు. ఏసీసీ ఒకరోజు ముందే షార్లెట్‌లో కోర్టుకెక్కేసింది. పెద్దమనుషుల్లో పెట్టకముందే పోలీస్ స్టేషన్‌కి పోయిన పాలివాళ్లలాగుంది యవ్వారం.

ఆ ఏడాది ఆగస్టు 4న ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. నూరేళ్లు దాటిన పడమటి తీరపు పాక్-12 కాన్ఫరెన్స్ ఒక్క పూటలో కూలింది. ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు పోయాయి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు. టీవీ బేరం కుదరకపోవడమే కారణం. చివరికి ఇంట్లో ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రం మిగిలాయి. వాటిని బయట పెట్టింది ఓటమి కాదు. రేపు ఎంతమంది టీవీ ముందు కూర్చుంటారన్న అంచనా. గ్రేప్‌వైన్ గదిలో పదమూడుమంది చేసిందీ మరో రకం అంచనాయే.

మయామీలో డిసెంబరు 30న ఏం జరిగిందో తొందరగా చెప్పేస్తాను, అక్కడ ఎక్కువసేపు నిలబడబుద్ధి కాదు. ఆరెంజ్ బౌల్, సీజను చివర జరిగే బౌల్ ఆటల్లో ఒకటి. ఇరవైమందికి పైగా ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్లు దిగనేలేదు. జార్జియా 63, ఫ్లోరిడా స్టేట్ 3. బౌల్ ఆటల చరిత్రలో ఇంత తేడా ఎప్పుడూ లేదు. "చూశారా, కమిటీ చెప్పింది నిజం" అని ఒకాయన లేచి వెళ్లిపోతున్నాడు. "ఇది ఆ జట్టేనా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

2024 సెప్టెంబరు 21. మళ్లీ అదే ఇటుకల స్టేడియం, అదే వేరుశనక్కాయల వాసన. గుర్రం వచ్చింది, ఈటె దిగింది. ప్లేఆఫ్‌లో ఇప్పుడు పన్నెండు జట్లు. నిరుటి ఐదో స్థానం ఈ ఏడాదైతే దర్జాగా లోపలే. కానీ ఫ్లోరిడా స్టేట్ ఆడిన మూడూ ఓడి కూర్చుంది. ఈ సీజను చివరికి గెలిచేది మొత్తం రెండే.

అవతలి జట్టు చొక్కాల మీద కాలిఫోర్నియా అని ఉంది. బర్కిలీ నుంచి వచ్చారు, పసిఫిక్ ఒడ్డునుంచి. పాక్-12 కూలాక తలదాచుకున్న చోటు ఈ ఏసీసీ. ఇందులో ఏ అక్షరం అట్లాంటిక్ తీరానిదో ఆ పిల్లల్ని అడక్కండి. కొత్త ఇంట్లో ఇదే వాళ్ల మొదటి ఆట. స్టాన్‌ఫర్డ్ లాగే వీళ్లూ టీవీ డబ్బులో పూర్తి వాటా లేకుండానే చేరారు. డాలస్ నుంచి వచ్చిన ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు ఆ డబ్బు అసలు వద్దంది.

14–9. ఫ్లోరిడా స్టేట్ ఎలాగో గట్టెక్కింది. పెద్దాయన ఇవాళా పక్కనే ఉన్నాడు, ఒంటి మీద ట్రావిస్ 13 నంబరు చొక్కా, కాస్త వెలిసింది. కింద కాలిఫోర్నియా కుర్రాళ్లు సంచులు భుజాన వేసుకుని సొరంగం వైపు నడుస్తున్నారు. వాళ్ల ఊళ్లో ఇప్పుడు ఇక్కడికంటే మూడు గంటలు వెనక.

"ఇంటికెళ్లేసరికి తెల్లారుతుందేమో పాపం" అన్నాడు పెద్దాయన, మిగిలిన పల్లీలు మన చేతిలో పోస్తూ.