ములాంజే సెడార్ వృక్షము

ఆఫ్రికాలోని మలావీ దేశమున, దక్షిణపు మైదానముల నడుమ నిట్టనిలువుగా లేచి 3,002 మీటర్ల యెత్తునకు ఎగయు ములాంజే పర్వతముపై తప్ప మఱెచ్చటను సహజముగ మొలవని సైప్రస్ కుటుంబపు వృక్షమొకటి కలదు. దానినే ములాంజే సెడార్ అందురు. 1891లో అలెగ్జాండర్ వైట్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు దాని నమూనాలను సేకరింపగా పాశ్చాత్యలోకమునకది పరిచితమయ్యెను. ఆ పరిచయమే దానికి ముప్పు తెచ్చెనని నా తలంపు. ఏలయన, సువాసన గలిగి, చెదలు ముట్టని యా కలప ఇండ్లకును, పడవలకును మిక్కిలి యక్కఱకు వచ్చుటచే, వలసపాలనాకాలమున కొండమీదనే గోతులు త్రవ్వి రంపములతో కోయించిరి. స్వాతంత్ర్యానంతరమున దొంగకోతలును ప్రబలెను. నిప్పుతో దీని సంబంధము విచిత్రమైనది: అరుదుగా వచ్చు కార్చిచ్చు తెఱపి కల్పించి విత్తులకు వెలుతురు నిచ్చును గాని, మాటిమాటికి రగులుచో లేత మొక్క బ్రదుకనేరదు, మనుష్యులు పెట్టు మంటలు ఈ రెండవ తెఱగువి. 1984లో దీనిని జాతీయవృక్షముగ ప్రకటించిరి; అయినను గొడ్డలి యాగలేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అత్యంత విపన్నజాతుల పట్టికలో చేర్చినది. నేడు పర్వతపాదమున గ్రామస్థులు నారుమళ్ళలో పెంచిన మొక్కలను కొండపైకి మోసి, మరల నాటుచున్నారు.