పాకం చెడిన పెట్టె

నిన్నటిదాకా నిక్షేపంలా పనిచేసిన కంప్యూటరు ఇవాళ మీట నొక్కితే ఉలకదు, పలకదు. ఈ బాధ పడని ఇల్లుగాని, ఆఫీసుగాని ఉందంటే నేను నమ్మను. అయితే ఇది కొత్త జబ్బేమీ కాదు. కంప్యూటరు ఎంత పాతదో ఈ జబ్బూ అంత పాతది.

1946లో అమెరికావారు లోకానికి చూపించిన ఎనియాక్ అనే మహాయంత్రంలో దగ్గర దగ్గర పద్దెనిమిది వేల వాల్వులుండేవి. మన పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, ఆ గాజు బుడ్లు. అవి పనిచేస్తూ చేస్తూ పాడైనవాటికంటే, యంత్రాన్ని ఆపి మళ్ళీ వెయ్యబోయినప్పుడు పోయినవే ఎక్కువట. చల్లారిన తీగ ఒక్కసారిగా వేడెక్కేసరికి పుటుక్కుమనేది. అందుకని ఆ మహానుభావులు వెతికి వెతికి కనిపెట్టిన వైద్యమేమిటయ్యా అంటే, అసలు ఆపకుండా ఉండటం! కరెంటు ఖర్చయితే అయిందని రాత్రింబవళ్ళు వెలిగించే ఉంచారు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. వారి పి.సి. వచ్చేనాటికి వాల్వులు పోయి చిప్పులొచ్చాయి. ఆ పెట్టె పక్కన, కాస్త వెనగ్గా, పెద్ద ఎర్రటి మీట ఒకటి ఉండేది. మన మోటారు స్టార్టరుకుండే మీటలాగా పైకంటే ఆన్, కిందికంటే ఆఫ్. నొక్కితే ‘టక్’మని చప్పుడు. లోపలి పవర్ సప్లై అరవైమూడున్నర వాట్లు, ఇప్పటి లెక్కన చీమ తలకాయంత. కాని ఆ మీటలో ఓ నిజాయితీ ఉంది. అది నిజంగానే కరెంటును తెంపేది, నిజంగానే కలిపేది. యంత్రం పలకలేదంటే గోడదగ్గర్నుంచి పెట్టెదాకా కరెంటు ఎక్కడ ఆగిందో చూసుకుంటే చాలావరకు సరిపోయేది. విండోస్ 95 వచ్చాక కూడా, ఇక ఆర్పుకోవచ్చు మహాప్రభో అని తెరమీద నారింజరంగు అక్షరాలు కనిపించేదాకా మనం కూర్చుని, లేచి మన చేత్తో ఆర్పిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆ నిజాయితీ 1995తో సరి. ఆ యేడు ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. అని ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. అప్పట్నుంచీ ముందున్న బొత్తాము మీట కాదు, అర్జీ. మనం నొక్కడమంటే లోపలున్న మదర్‌బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవడమన్నమాట. ఆ దరఖాస్తు అందుకోవడానికి లోపల ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి గదా! అందుకని పెట్టె ఆపేసి ఉన్నా సరే, ఊదారంగు తీగలో ఐదు వోల్టులు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, రాత్రి కాపలావాడిలా. బొత్తాము నొక్కగానే బోర్డు ఆకుపచ్చ తీగను నేలతో కలుపుతుంది. అది చూసి పవర్ సప్లై, అంటే మన మెకానిక్కులు ఎస్.ఎం.పి.ఎస్. అనే డబ్బా, లేస్తుంది. లేచి, తన వోల్టేజీలన్నీ కుదురుకున్నాక ‘అంతా క్షేమం’ అని బూడిదరంగు తీగ మీద కబురు పంపుతుంది. ఆ కబురు అందితేగాని ప్రాసెసరు కదలదు. ఇదంతా అర సెకనులోపు జరిగే తతంగం. నాలుగు బల్లలు దాటాల్సిన ఫైలన్నమాట. ఎక్కడ ఆగినా మనకు కనిపించేది ఒకటే: చీకటి తెర.

అందుకే ఇవాళ తెలిసిన మెకానిక్కు రాగానే స్క్రూడ్రైవరు తియ్యడు. గోడ ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టి చూస్తాడు. వెనక డబ్బా మీది చిన్న స్విచ్చి చూస్తాడు (ఇల్లు ఊడ్చినప్పుడు చీపురు తగిలి ఆరిపోయిందేమోనని). తరవాత మూత తీసి బోర్డు మీద చిన్న దీపం వెలుగుతోందా అని చూస్తాడు. వెలుగుతోందంటే కాపలావాడు మేలుకునే ఉన్నాడు, అర్జీ దగ్గరే ఆగిందేమోనని ముందు బొత్తాము తీగలు ఊడదీసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో క్షణం పాటు కలుపుతాడు. ఫాన్లు తిరిగి తెర మాత్రం రాకపోతే ర్యామ్ ఊడదీసి, దాని ఇత్తడిరంగు పళ్ళను బడిపిల్లల రబ్బరుతో తుడిచి పెడతాడు. ఈ రబ్బరు వైద్యం ఏ పుస్తకంలో ఉందోగాని, దీనితో లేచి కూర్చున్న యంత్రాలను నేను చాలా చూశాను. ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతాను: ఆ ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపల మూడువందల పైచిలుకు వోల్టులు కొంతసేపు దాగి ఉండొచ్చు.

ఇవన్నీ చూశాక కూడా పలకలేదనుకోండి, అప్పుడు మెకానిక్కు బోర్డు మీదికి వంగి, ప్రాసెసరు చుట్టూ నిలబడ్డ చిన్నచిన్న గొట్టాల నెత్తులు చూస్తాడు. వాటినే కెపాసిటర్లంటారు. అసలు కథ అక్కడుంది.

మునిసిపాలిటీ నీళ్ళు వస్తూ పోతూ ఉంటే ఇంటి మీది ట్యాంకు కుళాయిని ఒకే ధారగా ఎట్లా ఉంచుతుందో, కెపాసిటరు కరెంటును అట్లా ఉంచుతుంది. దాని తయారీ మన తాపేశ్వరం మడతకాజాలాంటిదే. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, వాటి మధ్య కాగితం, కలిపి చుట్టచుట్టి పాకంలో నానబెట్టి డబ్బాలో పెట్టి మూతేస్తారు. రహస్యమంతా ఆ పాకంలోనే ఉంది. 1990ల చివర్లో జపానువాళ్ళు నీళ్ళపాలు ఎక్కువగా ఉండే పాకం తయారుచేశారు. పనితనం అమోఘం, ఖర్చూ తక్కువ. కాని నీళ్ళకూ అల్యూమినియానికీ పడదు. రెండూ కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అందుకని ఆ తగవు రాకుండా పాకంలో ఇంకేవో మందులు కలిపేవారు.

ఇక్కడ ఓ దొంగ ప్రవేశించాడని 2002లో ఆ వ్యాపార పత్రికలు రాశాయి. జపాను కంపెనీలో పనిచేసిన ఒక శాస్త్రవేత్త చైనాలో ఉద్యోగానికి వెళ్ళి అక్కడ అదే పాకం చేశాడట. ఆయన కింది ఉద్యోగులు కొందరు ఆ కాగితం ఎత్తుకుని తైవాను చేరారట. తీరా చూస్తే కాగితంలో సగమే ఉంది! అత్తగారి ఆవకాయ కొలతలు చాటుగా రాసుకొచ్చిన కోడలు ఉప్పు కొలత మరిచిపోతే జాడీ ఏమవుతుంది? అదే అయింది. వాయువు పుట్టింది. గొట్టాల నెత్తులు బూరెల్లా ఉబ్బాయి, పగిలాయి, గోధుమరంగు జిగురు కక్కాయి. లోకమంతటా ఏ పాపమూ ఎరగని కంప్యూటర్లు రెండేళ్ళు తిరక్కుండానే మీట నొక్కితే పలకడం మానేశాయి.

ఈ దొంగ కథ వినడానికి బాగుంటుంది. నాకూ ఇష్టమే. కాని దీనితోనే అన్నీ తేలవు. ఎందుకంటే డెల్ కంపెనీవారు 2003 మే నుంచి 2005 జూలై దాకా అమ్మిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో ఉబ్బిన గొట్టాలు సాక్షాత్తూ జపాను కంపెనీ సరుకే. అట్లా ముప్పు పొంచి ఉన్న పెట్టెలు కోటీ పద్దెనిమిది లక్షలు. బాగుచేసే ఖర్చులకని 2005లో ఆ కంపెనీ ముప్పైకోట్ల డాలర్లు లెక్కల్లో చూపించింది. ఇంతవరకు సరే, వ్యాపారంలో నష్టం మామూలు. తరవాతిదే నాకు మింగుడుపడదు. 2007లో ఒక కంపెనీ దీనిమీద దావా వేస్తే, 2010లో కోర్టు కాగితాలు బయటపడ్డాయి. సంగతి తెలిసి కూడా మనంతట మనం ఖాతాదార్లకు చెప్పొద్దని ఉద్యోగులకు ఆదేశాలు! టెక్సాస్ విశ్వవిద్యాలయం గణితశాఖవాళ్ళు మా పెట్టెలు చచ్చిపోతున్నాయి మొర్రో అంటే, మీరు మరీ కష్టమైన లెక్కలు చేయించారు, అందుకే పోయాయి అన్నారట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లెక్కలు కష్టమని కంప్యూటరు కంపెనీయే చెప్పడం నేనెక్కడా వినలేదు. చివరికి ఆ దావాలో డెల్ తరఫున వాదిస్తున్న వకీళ్ళ ఆఫీసులోనూ అవే కంప్యూటర్లు, వాటికీ అదే జబ్బు. వాటిని బాగుచేసిమ్మంటే కంపెనీ వెనకాడిందట!

ఆ లెక్కలు నేరం మొయ్యడమన్నది చిన్న విషయం కాదు. మీట నొక్కితే పలకనప్పుడు ప్రతివాడూ ముందు తననే అనుమానించుకుంటాడు. ‘పిల్లవాడు ఆటలాడి పాడుచేశాడు’ అని ఇంట్లో, ‘గుమాస్తాకు వాడటం చేతకాదు’ అని ఆఫీసులో. ఆ నాలుగేళ్ళలో ఎందరు పిల్లలు అట్లా చీవాట్లు తిన్నారో! నిజానికి తప్పు గోరంత గొట్టంలో ఉంది.

మన దగ్గర కోటీ గుజరాతీ గల్లీలో ఆ గొట్టాలు విడిగా దొరుకుతాయి. బోర్డు మార్చాల్సిందేనని కంపెనీవాళ్ళు తేల్చేసిన చోట, మన కుర్రాళ్ళు సోల్డరింగు ఐరన్ పట్టుకుని పాతవి పీకి కొత్తవి అతికి పెట్టెను లేపి కూర్చోబెట్టారు. వోల్టేజీ పాతదానికి తగ్గకూడదు, కొలత సరిపోవాలి, మైనస్ గీత అటుదిటు కాకూడదు. మూడూ వాళ్ళకు కంఠతా వచ్చు.

తరవాత బోర్డులు చేసేవాళ్ళకు బుద్ధొచ్చింది. ప్రాసెసరు చుట్టూ పాకం లేని గట్టి కెపాసిటర్లు పెట్టడం మొదలుపెట్టి, ఆ మాట అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చువేసుకున్నారు. మీ అటకమీద 2000 – 2006 మధ్యనాటి పెట్టె ఏదైనా చచ్చిందని మూలపడేసి ఉంటే, పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి మూత తీసి చూడండి. గొట్టాల నెత్తిమీద ప్లస్ గుర్తో, కె అక్షరమో గీసి ఉంటుంది. అది పగలాల్సివస్తే అక్కడే పగలాలని చేసిన ఏర్పాటు. ఆ గీత బల్లపరుపుగా ఉందో, ఉబ్బి ఉందో చేత్తో తడమక్కర్లేదు, కంటికే తెలుస్తుంది.