సికిందరాబాదు పుస్తకవిక్రేతయు మఱుగుపడిన నవలలును

ఆంధ్రనవలాచరిత్రము వ్రాయువారు సామాన్యముగా రాజశేఖరచరిత్రముతోఁ బ్రారంభింతురు. కందుకూరి వీరేశలింగముగారు దానిని 1878 లో వివేకవర్ధనియందుఁ బ్రకటింప మొదలిడిరి. 1880 లో నది పుస్తకరూపము దాల్చెను. దానికి ముందే, 1872 లో, నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజచరిత్ర వెలువడినదని యెల్ల రెఱుఁగుదురు. చదివినవారు మాత్ర మరుదు. అంతకును బూర్వము 1866 నాఁటి తడకమళ్ల వేంకటకృష్ణారావుగారి కంబుకంధరచరిత్రను దెలంగాణ పరిశోధకులు చూపుచున్నారు. అది నవలయా, కాదా యను వాదము తీఱలేదు. ప్రథమస్థానమునకై వాదించుటయందుఁ గల యాసక్తి గ్రంథమును జదువుటయందుఁ గానరాకుండుట వింతయే.

నవల ప్రసిద్ధి గాంచుటకు గుణమొక్కటియే చాలదు. అది పాఠకుని యింటికిఁ జేరు త్రోవయుఁ గావలయును. కోస్తామండలములలో నీ త్రోవ తొలుతనే యేర్పడెను. చింతామణి పత్రికవారు నవలల కేటేటఁ బోటీలు పెట్టి బహుమతు లొసఁగిరి; చిలకమర్తివారి రామచంద్రవిజయ మట్టి బహుమతి పొందినదే. వేంకటపార్వతీశకవుల యాంధ్రప్రచారిణీ గ్రంథమాల 1911 నుండి వంగభాషానువాదములను, అపరాధపరిశోధక కథలను సయితము చందాదారుల యిండ్లకుఁ బంపెను. హైదరాబాదులో 1906 న విజ్ఞానచంద్రికామండలి పుట్టెను గాని, రెండేండ్లకే చెన్నపురికిఁ దరలిపోయెను. ఆ తరలింపువలన నిజాము రాజ్యమునకుఁ గలిగిన నష్టము సామాన్యమైనది కాదు. ఉర్దూ రాజభాషగా నున్న యచ్చటఁ దెలుఁగు గ్రంథమునకు మిగిలిన యాశ్రయము గ్రంథాలయములే. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904 లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము, 1905 లో సికిందరాబాదున నాంధ్రసంవర్ధినీ గ్రంథాలయము వెలసినవి.

తెలంగాణమున కవులు లేరను నింద వచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934 లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 గురు కవులను నిలిపి చూపిరి. పద్యమున కట్టి రక్షణము దొరకెను. నవలకు దొరకలేదు. పద్యము నాలుగు పాదములలో నిముడును గాన సంచికలోఁ జేరఁగలదు. నవల కట్టి సౌకర్యము లేదుగదా!

ఇనుగుర్తి గ్రామవాసులైన యొద్దిరాజు సోదరులలో సీతారామచంద్రరావుగారు 1918 లో రుద్రమదేవి యను చారిత్రకనవలను రచించిరి. ఆ కాకతీయరాజ్ఞి కాలమునుగూర్చియే తరువాత అడివి బాపిరాజుగారు గోన గన్నారెడ్డిని, నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవినే వ్రాసిరి. నేఁడు రుద్రమదేవి నవల యనినఁ జదువరులకు నోరివారు స్ఫురింతురు గాని యొద్దిరాజువారు స్ఫురింపరు. ఓరుగల్లు సీమలోనే పుట్టి, యాసీమ కథను మొదటనే చెప్పిన గ్రంథమున కీ గతి పట్టెను.

వెట్టిమాదిగ కథ యింకను శోచనీయము. భాగ్యరెడ్డివర్మగారు 1931 లో భాగ్యనగర్ పత్రికను స్థాపించి యందులోనే యీ రచనను బ్రకటించిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922 నాఁటిది. దానిని మద్రాసు ప్రభుత్వము నిషేధించుటయే దానికి గొప్ప చాటింపయ్యెను. వెట్టిమాదిగ నెవరును నిషేధింపలేదు. పాతపత్రికల కట్టలే దానిని మఱుఁగుపఱచినవి. మాలపల్లి పరులు దయతోఁ జూచిన చూపు. వెట్టిమాదిగ యా కులములలోనే పుట్టినవాని పలుకు. ఈ భేదమును గుర్తింపని నవలాచరిత్ర మసమగ్రము.

త్రోవ లేనిచోఁ ద్రోవ వేయఁబూనినవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. వీరు 1915 లో నల్లగొండ మండలమున జన్మించిరి. బాల్యమున నుపాధ్యాయునింట వంటచేయుచుఁ జదువు నేర్చిరి. విజయవాడలో హోటలునఁ బనిచేసిరి. పిదప సికిందరాబాదు చేరి, 1938 లో నచ్చట దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పిరి. ఆ పేరు దేశోద్ధారక బిరుదాంకితులగు కాశీనాథుని నాగేశ్వరరావుగారి స్మృత్యర్థము. ముప్పదికిఁ బైగాఁ బుస్తకములు ఆ మాలలో వెలువడినవి. స్వామిగారు ప్రకాశకులుగాఁ గూర్చుండలేదు. పుస్తకములు తామే మోసికొని యూరూరఁ దిరిగి విక్రయించిరి. అచ్చువేసినవాఁడే మోయువాఁడు, మోయువాఁడే చదివి వినిపించువాఁడు!

ఇట్లు పరుల గ్రంథములు మోసిన యాయన కారాగారవాసానంతరము తామే నవలాకర్త లైరి. 1955 నాఁటి ప్రజల మనిషి యందు దేశముఖుల పెత్తనము, వెట్టి, గ్రంథాలయోద్యమము నొక్కచోటఁ జేరినవి. అందలి వెట్టివర్ణనము వెట్టిమాదిగతోఁ బ్రక్కప్రక్కనుంచి చదువఁదగినది. దాని వెనుకటి నవలగా గంగు నారంభించిరి గాని, పూర్తిచేయకయే 1961 ఫిబ్రవరి 5 న మరణించిరి. ఆ యసంపూర్ణగ్రంథము 1965 లో నచ్చుపడినది.