ఖగోళం నుంచి వచ్చిన లావు లెక్క

మనిషి లావా కాదా అని తేల్చే బీఎంఐ లెక్కను మొదట కట్టినవాడు వైద్యుడు కాదు, నక్షత్రాలను కొలిచే మనిషి. కరోనా కాలంలో ఆసుపత్రిపాలైన క్యాన్సర్ రోగులకు స్థూలకాయం ముప్పా అని ఆరా తీసినవారు చేతబట్టిందీ ఎక్కువగా ఆ లెక్కనే.

ఆ నక్షత్రాల మనిషి పేరు అడాల్ఫ్ కెట్లే. 1796లో బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టాడు. బ్రస్సెల్స్ వేధశాల ఆయన పట్టుదలతో లేచింది. ఒకే నక్షత్రాన్ని పదిమంది కొలిస్తే పది అంకెలు వస్తాయి. వాటిలో చాలావరకు సగటు చుట్టూ గుమిగూడతాయి, దూరం జరిగేకొద్దీ పలచబడతాయి. ఈ సూత్రాన్ని కెట్లే మనుషుల మీదికి తెచ్చాడు. ఐదువేలకు పైగా స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతలు పేరిస్తే అక్కడా అదే ఒంపు తేలింది! పెద్దవారి బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1832లో గమనించాడు. 1835 నాటి గ్రంథంలో 'సగటు మనిషి'ని నిలబెట్టాడు. ఆయన వెతికింది జనసమూహపు తీరు. ఒక్కొక్కరి ఊబకాయాన్ని తూచే ఉద్దేశం ఆయనకు లేనే లేదు.

తర్వాత చాలాకాలం లావు లెక్కలు ఎక్కువగా బీమా కంపెనీల పట్టికల్లో నడిచాయి. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఐదు దేశాల మగవారి కొలతలను పోల్చి, బరువును ఎత్తు వర్గంతో భాగించే కెట్లే లెక్కకు బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) అని పేరు పెట్టాడు. అదే ఏడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం మొదలైంది. దాని సిబ్బంది పల్లెపల్లెకూ తిరిగి తూచింది ముఖ్యంగా బక్కచిక్కినవారి కోసం. 2015లో ఆ విభాగాన్ని ఎత్తేశారు. పల్లె ఒళ్లు బక్కతనం నుంచి బొజ్జవైపు మళ్లుతున్న కాలంలో దశాబ్దాల కొలతల పరంపర అలా తెగిపోవడం తీరని నష్టం.

యూరప్‌వాళ్ల బీఎంఐ గీత మన ఒంటికి సరిపడదని అప్పటికే తేలింది. మనవాళ్లకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం వస్తుంది. అందుకే 2009లో భారత నిపుణులు 30 బదులు 25 దగ్గరే స్థూలకాయం గీత గీశారు.

మహమ్మారుల్లో లావు ప్రత్యేక ముప్పని 2009 నాటి స్వైన్ ఫ్లూలోనే బయటపడింది. పొట్ట కొవ్వు ఉదరవితానాన్ని పైకి నెడితే ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా విచ్చుకోదు. లావుగా ఉన్నవారి ఒంట్లో వాపు గుణం, రక్తం గడ్డకట్టే స్వభావం ముందే ఎక్కువగా ఉంటాయి. కరోనాలోనూ ఇదే జరిగింది. క్యాన్సర్ రోగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తడబడింది. 2020లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన 928 మంది కరోనా సోకిన క్యాన్సర్ రోగుల అధ్యయనంలో 13 శాతం మంది మరణించారు. వయసు, ఇతర జబ్బులు, అదుపులో లేని క్యాన్సర్, నీరసించిన స్థితి మరణంతో ముడిపడ్డాయి; స్థూలకాయానికి అలాంటి సంబంధం కనిపించలేదు.

అంతమాత్రాన కొవ్వు కాపాడిందని కాదు. క్యాన్సర్ కండను కరిగిస్తుంది. మీద కొవ్వు నిండుగా ఉంటే ఆ కరుగుదల తక్కెడకు అందదు. బరువు ఒక్కటే అసలు సంగతి చెప్పదన్నది నిజామాబాద్ జిల్లా బోధన్ చెరకు రైతుకు కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్లో మూతపడేదాకా అక్కడ కాటా బరువు ఒక ఎత్తు, గడలోంచి దిగే చక్కెర రికవరీ మరో ఎత్తు. బీఎంఐ కాటా బరువే చెబుతుంది, కండ ఎంతో చెప్పదు.

2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో బస్సులు, రైళ్లు ఆగినప్పుడు నిజామాబాద్ రోగికి హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. అంత దూరంలో చికిత్స ఆగిన రోగికి స్కానింగ్‌తో కండను కొలవడం దుర్లభం. నడుము చుట్టుకొలతకు టేపు చాలు; ఆరు నెలల్లో ఎంత బరువు తగ్గారో అడగడానికి నోరు చాలు. మళ్లీ మహమ్మారి వస్తే జిల్లా ఆసుపత్రి చేరిక కాగితంలో బీఎంఐ పక్కన ఈ రెండు గడులూ ఉండి తీరాలి.